తార్నాకలో మొదటి స్థానం... న్యూజెర్సీలో ఆచూకీ లేదు!

(మా గ్రామీణ విలేకరి)

మాణికేశ్వర్ నగర్: ఒకే మాట, ఒకే నిమిషం, ఒకే గూగుల్. అయినా తార్నాకలో చూస్తే ఒక వరుస, అమెరికాలో చూస్తే మరో వరుస! ఇదేమి చోద్యమని ఆశ్చర్యపోయే వంతు మన జిల్లా చేనేత కుటుంబం ఒకదానికి వచ్చింది. పొదుపు సంఘంలో తెచ్చిన 25 వేల రూపాయల అప్పు ఈ చోద్యంలోనే చిక్కుకుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణను ఆనుకొని, తార్నాకకు కూతవేటు దూరంలో ఉన్న ఈ బస్తీని పాతవాళ్లు ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. హాస్టల్లో చోటు దొరకని మన పల్లెల పిల్లలు ఇక్కడ ఇరుకు గదులు అద్దెకు తీసుకొని, నలుగురైదుగురు కలిసి వండుకుంటూ చదువుకోవడం చాలాకాలంగా ఉన్నదే. అలాంటి గదుల్లో ఒకదానిలో పోచంపల్లి పక్క పల్లెకు చెందిన ఒక యువకుడు ఉంటున్నాడు. పీజీ చదువుతూనే ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్నాడు. "అన్నా, ఒక్కసారి వచ్చి చూడరాదే, నన్ను మోసం చేసిండ్రో లేదో నువ్వే చెప్పు" అని ఫోన్ చేస్తే ఒక ఆదివారం ఈ విలేకరి అక్కడికి వెళ్లడం జరిగింది.

సంగతి ఏమిటంటే, ఆ యువకుడి తండ్రి ఇక్కత్ చీరలు నేస్తాడు. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులు అద్ది, ఆ పైన మగ్గం ఎక్కించే ఈ పని ఎంత కష్టమో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆసు పోసే తల్లుల భుజాల నొప్పి చూడలేక యంత్రం కనిపెట్టిన మన జిల్లావాసి చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. యంత్రం వచ్చినా చీరకు గిట్టుబాటు మాత్రం మధ్యవర్తి దయ మీదనే ఉంది. ఆ మధ్యవర్తిని తప్పించాలన్నది కొడుకు ఆలోచన. తమ మగ్గంతోపాటు పక్కింటి రెండు మగ్గాల చీరలను కూడా కలిపి, అమ్మ పేరు మీద ఒక వెబ్‌సైటు తయారు చేశాడు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు నేరుగా కొంటారని ఆశ.

అయితే దుకాణం తెరిస్తే చాలదు, దారిన పోయేవాళ్లకు కనిపించాలి కదా! నగరంలో ఒక సంస్థ (పేరు ఇక్కడ అనవసరం) "25 వేలు కట్టండి, మూడు నెలల్లో ప్రపంచమంతటా గూగుల్‌లో మొదటి స్థానం" అని మాట ఇచ్చింది. తల్లి సంఘంలో అప్పు తీసుకుంది. మూడు నెలలు తిరిగేసరికి సంస్థవాళ్లు ఫోన్ తీసి చూపించారు. నిజమే, మొట్టమొదటి వరుసలో అమ్మ పేరు! కొడుకు తన ఫోన్‌లో చూసుకున్నాడు, అక్కడా మొదటిదే. ఆ రోజు ఇంట్లో పాయసం వండారట.

వారం తిరగకముందే న్యూజెర్సీ నుంచి మేనబావ ఫోన్ చేశాడు. "ఏదిరా నీ దుకాణం? మూడు పేజీలు తిప్పిన, యాడ కనవడ్తలేదు" అన్నాడు. సంస్థను అడిగితే "మా పని మేము చేశాం, మీ ఫోన్‌లోనే చూసుకోండి" అని సమాధానం. ఇద్దరి మాటా నిజమే. అక్కడే వచ్చింది తంటా.

ఆరు ఫోన్ల పరీక్ష

గదిలో ఉన్న నలుగురు విద్యార్థులు, ఈ విలేకరి కలిసి ఒక పరీక్ష పెట్టాం. రాత్రి ఎనిమిదిన్నర, అంటే బావకు అక్కడ పొద్దున. ఆయనను ఫోన్‌లో ఉంచి, అందరం ఒకే మాటను ఇంగ్లీషులో ఒకేసారి వెతికాం. మాట "ఇక్కత్ చీర". యువకుడి ఫోన్‌లో తన దుకాణం మొదటి పేజీ అడుగున ఉంది. గదిలో మిగతావాళ్ల ఫోన్లలో రెండో పేజీకి జారింది. నా ఫోన్‌లో ఇంకా కిందికి. న్యూజెర్సీలో అసలే లేదు. అక్కడ కనిపించినవన్నీ అమెరికాలోనే గోదాములు పెట్టుకొని డాలర్లలో అమ్మే దుకాణాలు.

"చీర" తీసేసి ఉట్టి "ఇక్కత్" అని వెతికితే తమాషా ఇంకా పెరిగింది. మా దగ్గర పోచంపల్లి, పుట్టపాక, ఒడిశా పేర్లు వచ్చాయి. బావకు మాత్రం కిటికీ పరదాలు, సోఫా దిండ్ల గలీబులు వచ్చాయి! ఇక్కత్ అనే మాట మనది కాదు, కట్టడం అనే అర్థం గల మలయ్ మాట నుంచి పుట్టింది. ఇండోనేషియావాళ్లూ, ఉజ్బెకిస్తాన్‌వాళ్లూ, జపాన్‌వాళ్లూ తరతరాలుగా ఇలాంటి బట్ట నేస్తున్నారు. అమెరికాలో ఆ మాట ఇంటి అలంకరణ బట్టకు కూడా వాడుకలోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనకు గర్వం. కానీ న్యూజెర్సీలో దిండు గలీబు కొనేవాడికి ఆ గర్వంతో పనేముంది?

పక్క గదిలో కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తున్న మరొక విద్యార్థి ఉన్నాడని తెలిసి పిలిపించాం. ఆయన నేల మీదే కూర్చుని, చాయ్ తాగుతూ రెండు గంటలపాటు చెప్పిన సంగతులు మన రైతు సోదరులకూ, చేనేత కుటుంబాలకూ పనికివస్తాయనిపించి ఇక్కడ రాస్తున్నాను.

అడిగేవాడు ఎక్కడున్నాడు?

మనం ఒక మాట కొట్టగానే గూగుల్ ప్రపంచమంతా తిరిగి వెతుకుతుందని చాలామంది అనుకుంటారు. అది కాదట. దాని యంత్రాలు రాత్రింబవళ్లు వెబ్‌సైట్లను చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో ముందుగానే ఒక పెద్ద సూచిక రాసి పెట్టుకుంటాయి. గ్రంథాలయంలో పుస్తకాల జాబితా ఉంటుంది చూడండి, అలాంటిదే. మనం అడిగిన క్షణంలో జరిగేది ఆ సూచికలోంచి పనికివచ్చేవి తీసి వరుసలో పెట్టడం. సూచిక దాదాపు అందరికీ ఒకటే. వరుస మాత్రం అడిగేవాడిని బట్టి మారుతుంది.

"చౌటుప్పల్ బస్టాండులో నిలబడి, మంచి డాక్టరు ఎక్కడున్నాడని అడిగితే ఏం చెప్తారు సార్?" అని ఆ పరిశోధక విద్యార్థి నన్నే అడిగాడు. చౌటుప్పల్ డాక్టరు పేరే చెబుతారు. అదే ప్రశ్న తార్నాక చౌరస్తాలో అడిగితే సమాధానం వేరు. రెండుచోట్లా చెప్పినవాడు అబద్ధమాడలేదు.

మరి మనం ఎక్కడున్నామో దానికెలా తెలుస్తుంది? తపాలాకు పిన్‌కోడ్ ఉన్నట్లే ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి కనెక్షన్‌కూ ఒక అంకె ఉంటుంది. దాన్ని ఐపీ చిరునామా అంటారు. ఏ దేశంలో ఏ కంపెనీకి ఏ అంకెలు ఇచ్చారో లెక్క ఉంటుంది కాబట్టి, అంకె చూడగానే దేశం పోల్చుకోవచ్చు. ఫోన్‌లో 'లొకేషన్' తెరిచి ఉంచితే వీధి వరకూ తెలుస్తుంది. ఐపీ లెక్క అప్పుడప్పుడు తప్పుతుంది కూడా. మన పల్లెలో కూర్చుని చూసినా, ఫోన్ కంపెనీ వారి తీగలు హైదరాబాదులో కలుస్తాయి గనుక మనల్ని హైదరాబాదువాళ్లుగా లెక్కగట్టడం మామూలే. ఊళ్లో ట్రాక్టరు మెకానిక్ కోసం వెతికితే నగరంలోని కార్ల షెడ్డు చూపిస్తోందని మన రైతులు విసుక్కోవడానికి ఇదొక కారణం.

పిన్‌కోడ్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరుతో ఊళ్లు కుప్పలుగా ఉండటం, భాషలు వేరు కావడం, ఉత్తరాలు దారి తప్పడం దానికి కారణాలు. మన ఉమ్మడి జిల్లాలోనే రామాపురాలు, కొత్తపల్లులు ఎన్ని లేవు! 508తో మొదలైతే నల్గొండ వైపు అని, 500007 అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక వైపు అని తపాలావాళ్లు కళ్లు మూసుకొని చెబుతారు.

రెండు హైదరాబాదులు

పేర్ల చిక్కు పల్లెలకే పరిమితం కాదు. పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో సింధు నది ఒడ్డున మరో హైదరాబాదు ఉంది. 1768లో కట్టిన నగరం అది, కరాచీకి దగ్గర. కరాచీలో ఒక మనిషి "హైదరాబాద్ వాతావరణం" అని వెతికితే అతనికి కావలసింది ఆ హైదరాబాదు ఎండ. తార్నాకలో మనకు కావలసింది చార్మినార్ మీద వాన. ఇద్దరికీ ఒకే జవాబు ఇస్తే ఒకరు కచ్చితంగా గొడుగు తప్పు రోజున పట్టుకుపోతారు. వరుస దేశానికొక తీరుగా ఉండటం మోసం కాదు, అవసరం అని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మల్లేశం పేరే తీసుకోండి. 2019లో ఆయన జీవితం మీద అదే పేరుతో సినిమా వచ్చింది. అప్పటినుంచి ఆ పేరు వెతికేవాడు మనిషి కోసం వచ్చాడా, సినిమా కోసం వచ్చాడా అన్నది యంత్రం ఊహించుకోవలసిందే. ఎక్కువమంది దేని మీద వేలు పెడుతున్నారన్నది కూడా ఆ ఊహకు ఆధారమట.

పాత రోజుల్లో అయితే గూగుల్‌కు దేశానికొక గుమ్మం ఉండేది. మనకు 'డాట్ కో డాట్ ఇన్', ఇంగ్లండుకు మరొకటి. మనం ఇక్కడ కూర్చునే ఇంగ్లండు గుమ్మంలోంచి తొంగిచూస్తే వాళ్ల వరుస కనిపించేది. 2017 అక్టోబరు నుంచి ఆ పద్ధతి పోయింది. ఏ గుమ్మంలోంచి వెళ్లినా, నువ్వు నిలబడిన దేశం వరుసే చూపిస్తారు. 2025 ఏప్రిల్‌లో ఆ గుమ్మాలన్నిటినీ 'డాట్ కామ్' వైపే మళ్లిస్తామని గూగుల్ ప్రకటించింది. ఇప్పటికీ "అమెరికా గూగుల్ తెరిచి చూపిస్తాం" అని చెప్పి చిరునామా మార్చి చూపేవాళ్లు ఉంటే, ఆ మాటను అంతగా పట్టించుకోనక్కరలేదు.

ఓట్ల లెక్క

వరుసలో పైకి రావడానికి వందలాది అంశాలు చూస్తారట. అందులో పాతదీ, పల్లెవాళ్లకు సులభంగా అర్థమయ్యేదీ ఓట్ల లెక్క. 1998లో గూగుల్‌ను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థుల అసలు ఆలోచన ఇదే. ఒక వెబ్‌సైటు తన పేజీలో మరొక వెబ్‌సైటుకు దారి చూపిస్తే, అది ఓటు వేసినట్లు. ఓటు వేసినవాడికి పరపతి ఉంటే ఆ ఓటుకు బరువు ఎక్కువ. సర్పంచి మాటకూ, సంతలో ఎవరో అన్న మాటకూ తేడా లేదా?

ఇక్కడే దేశాల తేడా వస్తుంది. మన యువకుడి దుకాణానికి దారి చూపించినవాళ్లందరూ ఇక్కడివాళ్లే. చిరునామా ఇక్కడిది, ఫోన్ నంబరు ఇక్కడిది, ధర రూపాయల్లో, పేరు చివర 'డాట్ ఇన్'. ఇవన్నీ చూసి "ఇది భారతదేశంలో కొనేవాళ్ల కోసం పెట్టిన దుకాణం" అని యంత్రం తీర్మానించుకుంది. దాని తప్పేమీ లేదు. పైగా పోటీ కూడా వేరు. మన ఊరి జాతర కుస్తీలో గెలిచినవాడిని తీసుకెళ్లి పరాయి రాష్ట్రం గోదాలో దింపితే, అక్కడి మల్లులు వేరు కదా. న్యూజెర్సీలో ఏళ్ల తరబడి చీరలు అమ్ముతున్న దుకాణాలకు అక్కడి పత్రికల, సంఘాల ఓట్లు ఎప్పుడో పడి ఉన్నాయి.

కొన్నిచోట్ల తేడాకు చట్టాలు కూడా కారణం. ఐరోపాలో ఒక మనిషి తన పేరు మీద వచ్చే పాత, అవసరం తీరిన సమాచారాన్ని వరుసలోంచి తీసేయమని అడిగే హక్కు 2014లో అక్కడి న్యాయస్థానం తీర్పుతో వచ్చింది. ఆ తొలగింపు ఐరోపా దేశాల వరకే తప్పనిసరి అని, ప్రపంచమంతటా కాదని 2019లో అదే న్యాయస్థానం చెప్పింది. అందువల్ల పారిస్‌లో కనిపించని పేజీ తార్నాకలో కనిపించవచ్చు. కాశ్మీరు పటం మన దేశంలో చూస్తే నిండు గీతతో, బయట దేశాల్లో చూస్తే వివాదం ఉన్నట్లు చుక్కల గీతతో గూగుల్ చూపడం కూడా ఈ కోవలోదే. చైనాలో గూగులే లేదు, బైదూ ఉంది. కొరియావాళ్లకు నేవర్, రష్యావాళ్లకు యాండెక్స్ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వారి బింగ్ వరుస మళ్లీ వేరు. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ కంపెనీ పెద్ద కాకముందు బింగ్ పనులు చూసినవారే.

అసలు కిటుకు

ఇంతకూ ఆ సంస్థ మొదటి స్థానం ఎలా చూపించింది? పరిశోధక విద్యార్థి పాత సందేశాలు తెరిచి చూసి నవ్వాడు. సంస్థవాళ్లు వెతికి చూపించిన మాట "ఇక్కత్ చీర" కాదు, దుకాణం పేరే! తన పేరు పెట్టి పిలిస్తే తాను పలకడం గొప్పా? అమ్మ పేరు తెలిసినవాడికి వెతికే అవసరమే లేదు, తెలియనివాడు ఆ పేరుతో వెతకనే వెతకడు. ఇక న్యూజెర్సీలో ఆ పేరు కొట్టినా రాకపోవడానికి కారణం, అక్కడ అదే పేరుతో ఒక నాట్య పాఠశాల ఉండటం. బావ ఆ రోజు మూడు పేజీలు తిప్పి చూసింది ఆ పాఠశాల పిల్లల ఫొటోలనే.

రెండో కిటుకు మనకు మనమే చేసుకునేది. యువకుడు రోజుకు పదిసార్లు తన దుకాణాన్ని తానే తెరిచి చూసుకుంటాడు. ఆ అలవాటును కూడా ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది కనుక అతనికి కాస్త పైన చూపిస్తుంది. అద్దంలో చూసుకొని ఊరంతా నన్నే చూస్తోందనుకున్నట్లు!

ఫలానా మాటకు మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సూచనల్లో రాసి పెట్టింది. ఈ ఒక్క వాక్యం ముందుగా తెలిసి ఉంటే 25 వేలు మిగిలేవి. సంస్థ ఇచ్చిన కాగితంలో ఏ మాటకు, ఏ దేశంలో అన్నది ఎక్కడా లేదు. కాబట్టి ఫిర్యాదు చేయడానికి కూడా చేతిలో ఆధారం లేకపోయింది. డబ్బు కట్టేముందు ఆ రెండూ రాయించుకోవాల్సిందని ఆ యువకుడు వాపోయాడు.

ఆ రాత్రే పరిశోధక విద్యార్థి 'సెర్చ్ కన్సోల్' అనే గూగుల్ పద్దు తెరిపించాడు. దానికి పైసా ఖర్చు లేదు. దుకాణం యజమాని అని రుజువు చూపిస్తే, ఏ దేశంలో ఏ మాటకు ఎన్నిసార్లు కనిపించిందీ, సగటున ఎన్నో స్థానంలో ఉన్నదీ దేశాలవారీగా చెబుతుంది. మన ఫోన్, పక్కవాడి ఫోన్ పట్టుకొని వాదులాడుకోనక్కరలేదు. గూగుల్ సెట్టింగుల్లో ఫలితాల ప్రాంతాన్ని అమెరికాగా మార్చి చూసే వీలు కూడా ఉంది గానీ, అది ఉజ్జాయింపే.

తర్వాత వారాల్లో ఆ యువకుడు చేసిన పనులు ఇవి. అమెరికా కొనుగోలుదార్ల కోసం విడిగా ఇంగ్లీషు పేజీలు పెట్టి, ధరలు డాలర్లలో రాశాడు. ఏ పేజీ ఏ దేశానికో యంత్రానికి తెలిపే గుర్తు ఒకటి ఉంటుందట, అది తగిలించాడు. చీర అక్కడికి చేరడానికి ఎన్ని రోజులు, పంపే ఖర్చు ఎంత, నచ్చకపోతే ఏమిటి అన్నవి స్పష్టంగా రాశాడు. ఒట్టి "ఇక్కత్" వదిలేసి "పోచంపల్లి పట్టు చీర" అన్న మాట పట్టుకున్నాడు. పెద్దవాళ్లతో కుస్తీ పట్టలేనప్పుడు గోదా మార్చుకోవడం తెలివైన పనే. తండ్రి పడుగు సాగదీస్తున్నప్పుడు, అమ్మ ఆసు పోస్తున్నప్పుడు తీసిన ఫొటోలు పెట్టి, ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుందో రాశాడు. బావ తాను సభ్యుడిగా ఉన్న తెలుగు సంఘం వారి పేజీలో చేనేత గురించి నాలుగు ముక్కలు రాయించి, దుకాణానికి దారి చూపించాడు. అమెరికా నుంచి పడిన తొలి ఓటు అది.

పోయిన నెల మళ్లీ ఆ గదికి వెళ్లాను. యువకుడు పద్దు తెరిచి చూపించాడు. అమెరికా వరుసలో స్థానం రెండో పేజీకి వచ్చింది. ఇప్పటికి రెండు చీరలు వెళ్లాయి, ఒకటి బావ స్నేహితుడికే. అప్పులో మొదటి వాయిదా మాత్రం చీరల డబ్బుతో కాదు, రాత్రిపూట పిల్లలకు ట్యూషన్ చెప్పి కట్టాడు.

నేను అక్కడ ఉండగానే తల్లి ఫోన్ చేసింది.

"అమెరికాల మనది ఎన్నోది వచ్చింది బిడ్డా?"

"రెండో పేజీలుంది అమ్మా. పద్నాలుగో, పదిహేనో."

కాసేపు అటునుంచి మగ్గం చప్పుడు మాత్రమే వినిపించింది.

"అంటే పోచంపల్లి బస్టాండు దిగి లోపటికి పోవాలె, గంతేనా? మన ఇంటికి వొచ్చెటోళ్లు గూడ గట్లనే వొస్తరు గద. సరే గని, ఎర్ర అంచుది రేపటికి అయితది. వొచ్చి ఫొటో తీస్కపో."